ఆక్టేన్ సీసాతో కారును ఇంటిపట్టున కూర్చోబెట్టడం ఎలా?

రెంజల్‌లో కారు కొన్నవాడికి ఆదివారం ఉండదు. తెల్లారితే ఎవరినో ఒకరిని బోధన్ ఆసుపత్రికి తీసుకుపోవాలి. పొద్దెక్కేసరికి నిజామాబాద్ స్టేషన్‌లో చిన్నమ్మ దిగుతుంది. అమావాస్యకు కందకుర్తి స్నానం, వసంత పంచమికి బాసర. "నువ్వెట్లాగూ ఖాళీనే కదా బిడ్డా" అంటారు. పైగా 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి మన మండలంలోనే ఉంది. 2015 పుష్కరాలప్పుడు కారున్నవాళ్లకు నిద్ర లేదు, తిండి లేదు. ఈసారి ఆ రోజులు వచ్చేలోపు మీ కారు కదలని స్థితికి చేరాలి. ఇంకా సమయం ఉంది, కంగారు పడకండి.

అమ్మేస్తే "ఏం కష్టమొచ్చిందిరా?" అని ఊరంతా పరామర్శకు వస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే తప్పు మీ మీదికి వస్తుంది. మీరు కారును ప్రాణంగా చూసుకుంటున్నారని పదిమందీ అనుకోవాలి, కారు మాత్రం ఆగిపోవాలి. ఈ రెండూ ఒకేసారి సాధించిపెట్టేది ఆక్టేన్ పెంచే మందు సీసా ఒక్కటే. సొంత డబ్బుతో మందు కొని పోస్తున్న మనిషిని ఎవరు తప్పుపడతారు? ఆయిల్ మార్పించడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, టైర్లలో గాలి చూడటం నడుం వంచే పనులు. సీసాకైతే మూత తిప్పితే చాలు. మీ నడుము గురించి ఆలోచించే ఇవన్నీ రాస్తున్నాను. వరుస తప్పకుండా పాటించండి.

1. ఆక్టేన్ అంటే ఏమిటో తెలుసుకోకండి.

తెలిస్తే సీసా కొనబుద్ధి కాదు. ఆక్టేన్ అంకె పెట్రోల్ బలాన్ని చెప్పదు. సిలిండర్‌లో పిస్టన్ నొక్కుతున్నప్పుడు, ప్లగ్గు నిప్పురవ్వ నుంచి మంట చేరకముందే తనంతట తాను భగ్గుమనకుండా పెట్రోల్ ఎంత ఓర్చుకుంటుందో చెబుతుంది, అంతే. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు సున్నా అని పెట్టుకుని, వాటితో పోల్చి కొలుస్తారు. మీ ఇంజిన్‌ను 91కి తయారుచేసి ఉంటే 100 పోసినా అది పెద్దగా ఎక్కువ లాగేదేమీ లేదు. గట్టిగా నొక్కే ఇంజిన్లకే పెద్ద అంకె అక్కర.

మీ ఇంజిన్‌కు ఎంత కావాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. కాబట్టి ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో అడుక్కి తోసేయండి. ట్యాంకు మూత లోపలివైపు కూడా అంకె ఉన్న కాగితం అంటించి ఉంటే, దాని మీద జాన్కంపేట నరసింహస్వామి స్టిక్కర్ వేయండి. స్వామిని పీకి చదివే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇంజనీరింగ్ చదివిన బావమరిది వచ్చి ఇదంతా వివరించబోతే "అన్నంల నెయ్యి ఎక్కువైతే చేదా బామ్మర్దీ?" అనండి. వాడు చాయ్ తాగి వెళ్లిపోతాడు.

2. బంకు పెట్రోల్‌ను తిట్టడం మొదలుపెట్టండి.

సీసా కొనడానికి ఇంట్లో ఒక కారణం చూపాలి కదా. ఇప్పుడు బంకులో వచ్చే మామూలు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. 2030కి చేరాలనుకున్న లక్ష్యాన్ని 2025కే ముందుకు జరిపారు. ఇథనాల్ ఆక్టేన్ అంకె దాదాపు 108. దాంతో ఈ కలిపిన పెట్రోల్ 95కి చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. అంటే మీరు సీసాలో కొనబోయేది బంకులో ముందే పోసి ఇస్తున్నారు. ఈ సంగతి మీ ఆవిడ చెవిన పడనీయకండి. సీసా డబ్బులు ఆమే ఇవ్వాలి.

బదులుగా ఇథనాల్ గురించి రెండో నిజాన్ని వాడుకోండి. లీటరుకు లీటరు లెక్కేస్తే దానిలోని శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. అందుకే మైలేజీ కాస్త తగ్గుతుంది. ఆ "కాస్త" మీకు జీవితాంతం పనికొస్తుంది. టైర్లో గాలి లేకపోయినా, క్లచ్ అరిగినా, హ్యాండ్‌బ్రేకు వేసుకునే సాటాపూర్ దాకా నడిపినా ఇథనాలే కారణం.

నమ్మనివాళ్ల ముందు నిజాం షుగర్స్ మాట ఎత్తండి. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ. బోధన్ షక్కర్‌నగర్‌లో చెరకు ఆడిన కాలంలో మొలాసిస్ నుంచి ఆల్కహాల్ కూడా తీసేవారు. 2015 డిసెంబరులో మూతపడింది. "మన చెరుకు ఆల్కహాల్ పడితే బండి ఉరుకుతుండె, ఇప్పుడు ఎక్కడి మక్కల ఆల్కహాలో ఏమో" అని నిట్టూర్చండి. మక్కల నుంచి తీసినా, నూకల నుంచి తీసినా, చెరకు నుంచి తీసినా ఇథనాల్ ఇథనాలే. కాని బోధన్ చుట్టుపక్కల ఫ్యాక్టరీ పేరు చెబితే పెద్దవాళ్లకు గొంతు పూడుకుపోతుంది. బకాయిలు, జీతాలు, క్రషింగ్ రోజుల లారీల వరుస, అన్నీ తవ్వి పోసుకుంటారు. మీ కారు సంగతి ఎవరికీ గుర్తుండదు.

3. సీసాను శ్రద్ధగా ఎంచుకోండి.

ఈ ఒక్క పనికి మాత్రం బద్ధకించకండి. సీసా మీద మంట బొమ్మ ఉండాలి, లోపల ఏముందో రాసి ఉండకూడదు. దుకాణదారును "దీన్ల ఏముంటది సేటూ?" అని అడగండి. "పవర్" అని చెబితే అది సరైన సీసా. "3 పాయింట్లు పెంచుతుంది" అని రాసి ఉంటే ఇంట్లో 91 కాస్తా 94 అవుతుందని చెప్పండి. ఈ వ్యాపారంలో పాయింటు అంటే చాలాసార్లు అంకెలో పదో వంతు. అంటే 91 పెరిగి 91.3 అవుతుంది. లెక్క అడిగేవాళ్లు ఉండరు.

ఇక లోపలి సరుకు. మాంగనీసు మందు ఉన్న సీసా దొరికితే వదలకండి. అది కాలిపోయాక మాంగనీసు ఆక్సైడు ప్లగ్గుల మీద, ఆక్సిజన్ సెన్సర్ మీద ఎర్రమట్టి రంగు పొరగా పేరుకుంటుంది. ఫెర్రోసిన్ అనే ఇనుప మందు దొరికితే ఇంకా మంచిది. ఆ ఇనుప పొర గుండా కరెంటు పారుతుంది. ప్లగ్గు కొనదాకా పోయి రవ్వ కావలసిన కరెంటు పక్కదారిన జారిపోతుంది. ఒక సిలిండర్ కొట్టడం మానేస్తుంది. కాలకుండా మిగిలిన పెట్రోల్ సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది. కన్వర్టర్ లోపల పింగాణీ జల్లెడ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. ఆ వేడికి జల్లెడే కరిగి ముద్దవుతుంది. పొగ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఎడపల్లి దాటేసరికి కారు ఆయాసపడటం మొదలుపెడుతుంది. ఒక్క మూత తిప్పినందుకు ఇన్ని పనులు వాటంతట అవే జరిగిపోతాయి. మీరు సీటు వెనక్కి వాల్చుకుని కూర్చుంటే చాలు.

అనిలిన్ జాతి మందులున్న సీసాలు కూడా వస్తాయి. అవి ఇంజిన్‌లో జిగురు మిగులుస్తాయి. చేతి మీద ఒలికితే చర్మం గుండా ఒంట్లోకి దిగి, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తాయి. తలనొప్పి, కళ్లు తిరగడం, పెదవులు నీలం తిరగడం. ఆ పూట కారు తీయలేనని చెప్పడానికి ఇంతకన్నా గట్టి కారణం ఏం కావాలి? గ్లవ్స్ డబ్బులు మిగిలినట్టే.

4. డాంబర్ గోలీలు వేయండి.

సీసాకు డబ్బులు దొరకని నెలలో ఇది పనికొస్తుంది. చీరల పెట్టెలోంచి నాలుగు గోలీలు తీసి ట్యాంకులో వేస్తే బండి గాల్లో తేలుతుందని చెప్పే తాతలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల మాట కాదనకండి. అసలు నాఫ్తలీన్‌కు ఆక్టేన్ కొంత ఉన్నా, అది పెట్రోల్‌లో కరిగి, చల్లబడ్డచోట మళ్లీ గడ్డకట్టే సరుకు. ఫిల్టర్‌లో, ఇంజెక్టర్ సన్నని రంధ్రాల్లో స్థిరపడుతుంది. ఇప్పుడు అంగళ్లలో దొరికే తెల్ల గోలీల్లో చాలావాటిలో నాఫ్తలీనే ఉండదు, డైక్లోరోబెంజీన్ ఉంటుంది. అందులో క్లోరిన్ ఉంది. కాలితే ఆమ్లం పుడుతుంది, లోహాన్ని తింటుంది. ఏ గోలీ ఏదో చూసుకోనక్కరలేదు. రెండూ మన పనికి వస్తాయి. చీరలకు పురుగు పట్టిందని ఇంట్లో గొడవైతే పిల్లల మీదికి తోయండి.

5. రంగుల దుకాణానికి వెళ్లండి.

థిన్నర్, అసిటోన్, టోలీన్ అక్కడ డబ్బాల్లో దొరుకుతాయి. టోలీన్‌కు ఆక్టేన్ అంకె నిజంగానే ఎక్కువ, కాబట్టి మీరు అబద్ధం ఆడినట్టు కూడా కాదు. దాంతోపాటు రబ్బరు పైపులు, సీళ్లు ఉబ్బి మెత్తబడతాయి. తరవాత పెట్రోల్ చుక్కలు చుక్కలుగా కారుతుంది. వేడెక్కిన ఇంజిన్ పక్కన పెట్రోల్ కారితే మంట లేవడానికి ఎక్కువసేపు పట్టదు. కారులో వాసన వస్తే అద్దాలు దించి, అగరొత్తి వెలిగించకుండా మాత్రం ఉండండి. ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో కనుక్కోవడం వచ్చే వారానికి వాయిదా వేయండి.

6. సారా పోయమని సలహా వస్తే పోయండి.

"ఇథనాల్ అన్నా సారా అన్నా ఒక్కటే కదనే" అనే మామ ఒకాయన ప్రతి ఇంటికీ ఉంటాడు. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ 99 శాతానికి పైగా స్వచ్ఛమైనది, నీళ్లు దాదాపు ఉండవు. సారాలో సగానికి పైగా నీళ్లే. ఆ నీళ్లు ట్యాంకులోని ఇథనాల్‌ను కూడా తమవైపు లాక్కుని అడుక్కు దిగుతాయి. పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ పడిపోతుంది. అప్పుడు ఆక్టేన్ తక్కువైందన్న మీ ఫిర్యాదు నిజమవుతుంది. మరో సీసా కొనడానికి న్యాయమైన కారణం దొరికింది.

7. మిడ్‌గ్లీ నుంచి ధైర్యం నేర్చుకోండి.

మనలాంటివాళ్లకు ఆదిపురుషుడు థామస్ మిడ్‌గ్లీ. జనరల్ మోటార్స్ మనిషి. ఇంజిన్ టకటక కొట్టకుండా ఆపే మందు కోసం వెతికి వెతికి, 1921లో పెట్రోల్‌లో సీసపు మందు కలిపి చూశాడు. టకటక ఆగిపోయింది. ఇథనాల్ కలిపినా ఆగుతుందని వాళ్లకు అప్పటికే తెలుసు. కాని దాన్ని ఎవడైనా కాచుకోగలడు, పేటెంట్ రాదు. సీసపు మందుకు "ఇథైల్" అని పేరు పెట్టి, అందులో సీసం మాటే లేకుండా అమ్మారు. పైన చెప్పిన లేబుల్ చిట్కా ఎంత పాతదో చూడండి.

1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఈ మందు తయారుచేసేచోట అయిదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. మిడ్‌గ్లీ విలేకరులను పిలిచి, వాళ్ల ముందే ఆ మందుతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి చూపించాడు. అంతకు ముందు ఏడాదే సీసం ఒంటికి పట్టి ఫ్లోరిడాలో విశ్రాంతి తీసుకుని వచ్చిన మనిషి! అదీ నమ్మకం అంటే. ఆ వ్యాపారం దశాబ్దాల పాటు నిలబడింది. పిల్లల మెదళ్లకు సీసం చేసే చేటు బయటపడ్డాక దేశాలు ఒక్కొక్కటే మానుకున్నాయి. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి బంకుల్లో సీసం లేని పెట్రోలే. అన్నిటికన్నా ఆఖరున అల్జీరియా 2021లో ఆపింది.

ఎవరైనా మీ సీసాను అనుమానిస్తే మీరూ మూత తీసి వాసన చూసి "చూసినవా, నాకేమన్న అయిందా?" అనండి. నిలబడలేకపోతే గోడకు ఆనుకోండి.

8. కొలత పాటించకండి.

సీసా మీద ఎన్ని లీటర్లకు ఎంతని రాసి ఉంటుంది. రెట్టింపు పోయండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే పోసి, తరవాత పెట్రోల్ కొట్టించడం మరిచిపోండి.

9. లైటు వెలిగితే సంతోషించండి.

స్పీడోమీటర్ పక్కన పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. సెన్సర్‌కు పొర పట్టిందనో, సిలిండర్ కొట్టడం లేదనో చెప్పడానికి కంప్యూటర్ దాన్ని వెలిగిస్తుంది. మీరు సగం దూరం వచ్చేశారన్నమాట. నల్ల టేపు ముక్క అంటించండి. బొమ్మ మిణుకుమిణుకుమంటే కన్వర్టర్ ఆ క్షణాన కాలుతోందని గుర్తు. ఆ సమయంలో బండి ఆపితే అది బతికిపోయే ప్రమాదం ఉంది. నిజామాబాద్ దాకా ఆపకుండా పోనివ్వండి.

ఇంజిన్ నుంచి టకటక వినిపిస్తే డీజే పాటల శబ్దం పెంచండి. ఆ చప్పుడు పిస్టన్ నెత్తి మీద పడుతున్న దెబ్బలు. ఎక్కువకాలం కొడితే రింగులు విరుగుతాయి, పిస్టన్‌కు బొక్క పడుతుంది. ఓపిక పట్టాలి.

10. మేస్త్రీ దగ్గర నోరు అదుపులో ఉంచుకోండి.

ఇన్ని చిట్కాలు పాటించినవాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతుంటారు, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. మేస్త్రీ ప్లగ్గు విప్పగానే ఆ ఎరుపు చూసి తలెత్తుతాడు.

"ఏమన్న మందు పోసినవా కాకా?"

"మందా? నేను తాగుడే బందు వెట్టిన."

అతను నవ్వుతాడు. మాట మళ్లుతుంది. అప్పుడే కాలానికి తగిన కారణం అందించండి. వానాకాలమైతే "బంకు ట్యాంకుల నీళ్లు వడ్డట్టున్నయి." ఎండాకాలమైతే "మన నిజామాబాద్ ఎండలకు మనుషులే ఆగుతలేరు, ఇంజినెట్ల ఆగుతది?" పసుపు సీజనైతే "మార్కెట్ యార్డు కాడ లైన్ల నిలవడి నిలవడి వేడెక్కింది." దేనికీ లొంగకపోతే ఆఖరి అస్త్రం తీయండి. "మొన్న ధర్మాబాద్ పోయినప్పుడు అక్కడ కొట్టించిన." నది దాటి మహారాష్ట్ర పోయి ఏ బంకులో కొట్టించావని విచారించే తీరిక మేస్త్రీకి ఉండదు.

పెట్రోల్ నమూనా తీసిపెట్టమంటే వద్దనండి. బంకువాళ్లను అడిగితే ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూపిస్తారు, సాంద్రత కొలిచి చూపిస్తారు. వినియోగదారుడు అడిగితే చూపించాల్సిందే. చూపిస్తే పెట్రోల్ మంచిదేనని తేలిపోతుంది. అందుకని ఎప్పుడూ అడగకండి. బిల్లు కూడా తీసుకోకండి.

షోరూముకు తీసుకెళ్లాల్సి వస్తే వారంటీ గురించి గట్టిగా దబాయించండి. కంపెనీ చెప్పని మందులు పోసి పాడుచేసుకుంటే వారంటీ రాదని సాధారణంగా మీరు విప్పని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. వాళ్లు దాన్ని తెరిచి చూపిస్తారు. చూపించనివ్వండి. మీరు వెళ్లింది మరమ్మతుకు కాదు, ఎస్టిమేట్ కాగితం కోసం. హెడ్డు విప్పడం, పిస్టన్లు, రింగులు, కన్వర్టర్, సెన్సర్లు, ఇంజెక్టర్లు, పెట్రోల్ పంపు. వరుస ఎంత పొడుగుంటే అంత మేలు. ముద్ర వేయించుకోండి. బోధన్‌లో లామినేషన్ చేయించండి.

11. ఇక పుష్కరాల ఏర్పాట్లు.

కారును వాకిట్లో అందరికీ కనిపించేచోట, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి నిలపండి. కవరు కప్పకండి, కప్పితే బాగుందనుకుంటారు. ఆడవాళ్లు ఎవరైనా ఎక్కడికైనా తీసుకుపొమ్మంటే, 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్టు డబ్బులే లేవని, ఆధార్ కార్డు చూపిస్తే చాలని ప్రేమగా గుర్తుచేయండి. మగవాళ్లయితే వాళ్లకూ ఒక సీసా బహుమతిగా ఇవ్వండి. వాళ్ల బండీ మీ బండి పక్కనే నిలబడితే మిమ్మల్ని వేలెత్తి చూపేవాళ్లు తగ్గుతారు.

పుష్కరాలకు రెండు నెలల ముందు, చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎస్టిమేట్ కాగితం ఫోటో పెట్టండి. కింద ఇలా రాయండి: "అందరం కలిసి కందకుర్తి పోదామని నాకు ఎంతో ఆశగా ఉంది. తలా కొంత వేసుకుంటే బండి లేపుదాం. నా ఫోన్‌పే నంబరు అందరి దగ్గరా ఉంది కదా." ఆ తరవాత కారు కావాలని ఒక్క ఫోను కూడా రాదు.